జిన్ను మిల్లులో గంట తాడు

మా కోసిగి వైపు వానలు మొహం చాటేసిన ఏడాది మేం సుగ్గికి బయలుదేరాం. సుగ్గి అంటే మా పక్క, పని వెతుక్కుంటూ ఊరు విడిచి పోవడం. మామూలుగా మిరపకాయలు కొయ్యడానికో, చేలల్లో పత్తి తియ్యడానికో పోయి, ఆ పని అయిపోగానే తిరిగొచ్చేవాళ్ళం. ఆసారి మా అత్తకు ఎవరో నంద్యాల సంగతి చెప్పారు.

"ఆడ పత్తి మిల్లు ఉండాదంట. నీడపట్టున పని. బిడ్డతల్లివి, ఎండలో యాడ తిరుగుతావు? ఆడికే పోదాం" అంది.

మా ఆయన తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. చంకలో పాలు మానని కూతురు, నెత్తిన మూటలు, గుంతకల్లులో బండి మారి నంద్యాల చేరాం. మా ఆయనను అణిచి కట్టిన దూది దిండ్లు, అంటే బేళ్ళు, మోసే పనిలో పెట్టుకున్నారు. నన్నూ అత్తనూ జిన్ను షెడ్డులోకి పంపారు.

నీడపట్టున పని అన్న మాట అబద్ధం కాదు. ఎండ లేదు. గాలి కూడా లేదు. పొడుగాటి రేకుల షెడ్డులో రెండు వరసలుగా జిన్నులు, అంటే పత్తినుంచి గింజ తీసే మరలు, ఒక్కో జిన్ను ముందు ఒక్కో ఆడమనిషి. పక్కన పోసిన పత్తిని గుప్పిళ్ళతో దాని నోట్లో పెడుతూ ఉండాలి. గింజలు కింద రాలిపోతాయి, దూది ముందుకు వచ్చి పడుతుంది. గోడ అవతలి గదిలో ఇంజను. దాని బలంతో తోలు పట్టాలు తిరుగుతాయి, పట్టాలతో జిన్నులు తిరుగుతాయి. ఆ చప్పుడులో పక్క మనిషి నోరు కదలడం కనపడేదే గాని మాట వినపడేది కాదు. మేస్త్రీ మటుకు ఈలతో పని నడిపేవాడు. ఒక ఈలకు కూర్చోవాలి, ఇంకో ఈలకు లేవాలి. నడుమ లేచినవాళ్ళ మీదికి వచ్చి తిట్టేవాడు. ఆ తిట్టు కూడా వినపడేది కాదు, అతని మొహం చూసి తెలుసుకోవడమే.

రెండో సుగ్గిలో మా ఊరి ఆవిడకు చెయ్యి పోయింది. నాకు వదిన వరస. ఆమె కూర్చున్న చోటు నాకు ఎదురు వరసలోనే. పైటకొంగు పట్టాకు చిక్కింది, దాన్ని లాక్కోబోతే చెయ్యి చిక్కింది. ఆమె నోరు తెరుచుకోవడం చూశాను. అరుస్తోందని అర్థమైంది. నేనూ అరిచాను. ఎవరి అరుపూ ఎవరికీ వినపడలేదు. ఎవరో లేచి ఇంజను గదికి పరిగెత్తారు. ఆ గదికి పోవాలంటే షెడ్డు దాటి, వాకిలి చుట్టి పోవాలి. ఇంజను ఆగేటప్పటికి జరగవలసిందంతా జరిగిపోయింది. దొరసానులు నడిపే మిషను ఆసుపత్రిలో మోచేతి దాకా తీసేశారు. ప్రాణం దక్కింది. మర్నాడు ఆమె జిన్ను ముందు వేరే మనిషిని కూర్చోబెట్టారు.

ఆ తర్వాతి ఏడు మిల్లు చేతులు మారింది. అంతకుముందు నడిపిన పరదేశపు షావుకార్లు అమ్ముకొని వెళ్ళిపోయారు. కొన్నది చుట్టుపక్కల పల్లెలో బాగా భూములున్న ఒక రైతు. అందరూ ఆయనను రెడ్డి అనే పిలిచేవాళ్ళు. ముతక పంచె, తలకు రుమాలు, చేతిలో ముల్లుగర్ర లేదన్న మాటే గాని మడి గట్టు మీదనుంచి నేరుగా మిల్లులోకి వచ్చినట్టు ఉండేవాడు. పత్తి పండించడం తప్ప దాన్నుంచి గింజ ఎలా విడిపోతుందో ఆయన ఎప్పుడూ చూడలేదట. ఆ మాట ఆయనే అందరితో చెప్పేవాడు.

వచ్చిన కొత్తలో రోజూ షెడ్డులోకి వచ్చి, పత్తి నింపిన ఒక గోనె బోరెం మీద కూర్చొని చూస్తూ ఉండేవాడు. మేస్త్రీ ఈలకు మేం బువ్వకు లేస్తే మా వెనకే బయటికి వచ్చేవాడు. వేపచెట్ల కింద మేం జొన్నరొట్టె మూటలు విప్పుకుంటుంటే, కాస్త దూరంగా నిలబడి అడిగేవాడు.

"ఈ పనిలో మీకు శానా కష్టమైంది ఏంది?"

మేస్త్రీ అందుకున్నాడు.

"కష్టమేముండాది రెడ్డీ. అలవాటైన పని వీండ్లకు."

"నిన్ను గాదప్పా, వాండ్లను అడుగుతాండా."

అయినా మేం మాట్లాడలేదు. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మా గుడిసెల దగ్గర అదే మాట. ఎందుకు అడిగినట్టు? కష్టమన్నవాళ్ళను ఏరి పంపించేస్తాడని ఒకామె అంది. ఏదో మొక్కు మొక్కుకొని ఉంటాడని ఇంకొకామె. "దేవునికి మొక్కుకుంటే గుడికి పోతాడు, మన దగ్గరికి ఏంటికొస్తాడు?" అని అత్త కొట్టిపారేసింది. నాకు మాత్రం రాత్రి రొట్టె కాలుస్తున్నప్పుడు కూడా అదే ఆలోచన. పుట్టి బుద్ధెరిగాక పని చెప్పినవాళ్ళను చూశాను, తిట్టినవాళ్ళను చూశాను. పని ఎలా ఉందని అడిగిన మనిషిని చూడలేదు. ఆయనకు ఏం కావాలి?

కొన్నాళ్ళకు ఆయన నేరుగా నా జిన్ను దగ్గరికే వచ్చాడు. నేను లేవబోతే కూర్చోమని చేత్తో చెప్పి, పక్కన గొంతుక్కూర్చున్నాడు. తనూ పత్తి పెడతానని సైగ చేశాడు. నేను మేస్త్రీ వైపు చూశాను. అతను ఎటో చూస్తున్నాడు. చేసేదేముంది, నేర్పాను. వేళ్ళు ముడిచి పెట్టాలి, చాచకూడదు. గుప్పిలి నోటి దాకా పోకూడదు, విసిరినట్టు వదలాలి. ఆయన పెద్ద చేతులకు అది పట్టుబడలేదు. దూది ముద్దలు ముద్దలుగా వచ్చింది. కాసేపటికే దగ్గు తెర పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళి, బువ్వ వేళకు మళ్ళీ వచ్చాడు. ఈసారి నన్నే అడిగాడు.

"ఏం పాపా, ఇంజను యాడుండాది?"

ఆయన మిల్లు, ఆయన ఇంజను. నన్ను అడగడమేమిటో తెలియలేదు. "గోడకు అవతల" అన్నాను.

"అది నాకూ తెల్సు. నువ్వు కూచున్నతావు నుంచి కనపడ్తాదా?"

"కనపడదు."

"మరి ఆపల్లంటే ఎట్ల ఆపుతావు?"

"ఆపేది మా పని గాదు రెడ్డీ."

అత్త నా తొడ గిల్లింది. అప్పటికే మాట జారింది. ఇక ఆగలేక వదిన సంగతి చెప్పాను. నోరు తెరుచుకోవడం కనపడిందని, అరుపు వినపడలేదని చెప్పాను. ఆయన రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకొని విన్నాడు. అంతా విని, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"సేద్యంలో ఎద్దు నిలబడిపోతే నేను ముల్లుగర్ర ఎత్తను. ముందు కాడి సూస్తా. మెడ కాడ ఏదో ఒరుసుకుంటా ఉంటాది."

నాకు ఒళ్ళు మండింది. "మేం ఎద్దులమా రెడ్డీ?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు తినడం ఆపారు. ఆయనకు కోపం రాలేదు. నిజంగానే ఆలోచించాడు.

"గాదు. ఎద్దుకు నోరు ల్యా. మీకుండాది, అయినా సెప్పరు. దానికే కదా ఇన్నాళ్ళనుంచి అడుగుతాండేది."

తర్వాత, గోడ అవతల ఉన్న మనిషికి ఇక్కడినుంచి కబురు ఎలా చేరుతుందని అడిగాడు. కేకలు చాలవని తేలిపోయింది. అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట మా ఊరి గుడిలోది. మా ఊళ్ళో కిరస్తానుల ఆదివారం గుడి గంట చాలా ఎత్తున ఉండేది. దానికో పొడుగాటి తాడు. చిన్నప్పుడు మేం వంతులేసుకొని లాగేవాళ్ళం. ఆ గంట దూరంగా చేలల్లో ఉన్నవాళ్ళకూ వినపడేది. ఆ సంగతి చెప్పాను. ఆయన "ఊఁ" అని లేచి, ఇంజను గదికేసి నడిచాడు.

ఇంజను నడిపేది ఒక ముసలి సాయిబు. అందరికీ సాయిబన్న. మేం భయం లేకుండా మాట్లాడగలిగిన మనిషి మిల్లులో ఆయనొక్కడే. ఆ ఇద్దరూ గోడకు కన్నం కొట్టించి, సాయిబన్న తల పక్కనే ఇత్తడి గంట వేలాడదీయించారు. దాని తాడు కన్నంలోంచి షెడ్డులోకి వచ్చి, కప్పు దూలాల కింద చిన్న కప్పీల మీదుగా రెండు వరసల పొడుగునా సాగింది. ఎక్కడ కూర్చున్నా చెయ్యెత్తితే అందుతుంది.

రెడ్డి అందరినీ పిలిచి చెప్పాడు.

"ఎవురైనా లాగొచ్చు. గంట మోగితే సాయిబు ఇంజను ఆపుతాడు. ఏంటికి లాగినారని ఆపినాకనే అడిగేది, ముందు గాదు. అడిగేటప్పుడు తిట్టేది లేదు."

"ఇంక మిల్లు నడిసినట్లే" అన్నాడు మేస్త్రీ.

ఆ ఇంజను ఆపితే మళ్ళీ రాజెయ్యడం చిన్న పని కాదు. సాయిబన్నకు చెమటలు పట్టేవి. అది మా అందరికీ తెలుసు. అందుకే ఎవరూ తాడు ముట్టలేదు. దాని మీద దుమ్ము పేరుకుంది. తల ఎత్తినప్పుడల్లా నాకు అది కనపడేది. మొదట లాగేదెవరు? లాగితే నిజంగా ఆగుతుందా? ఆగితే ఏమవుతుంది? అత్తను అడిగితే, "నీకేంటికి? సూడొద్దు దాని దిక్కు" అంది.

ఒకరోజు మా వరస చివర కూర్చునే పిల్ల వేలు జిన్ను అంచుకు తగిలి గోరు లేచిపోయింది. రక్తం కారుతుంటే అది చేతిని చీరలో చుట్టుకొని ఇంకో చేత్తో పత్తి పెడుతూనే ఉంది. తాడు దాని నెత్తి మీదే ఉంది. బువ్వ వేళకు రెడ్డి ఆ రక్తపు చీర చూశాడు.

"తాడు కట్టిస్తి గదా. ఏంటికి లాగల్యా?"

ఆ పిల్ల తల వంచుకుంది. ఆయన మొహంలో కోపం కంటే అర్థం కాకపోవడమే ఎక్కువ కనపడింది. అందరినీ ఒక్కొక్కరినే చూశాడు. చివరికి మాట్లాడింది అత్తే.

"లాగితే ఏమైతాదో మాకు తెల్దు రెడ్డీ. నువ్వు సెప్పినావు. సెప్పేటోళ్ళు శానామంది సెప్తారు."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. సూద్దాం పా" అన్నాడు.

ఈల మోగింది, ఇంజను నడిచింది, అందరం కూర్చున్నాం. పని బాగా ఊపందుకున్నాక ఆయన అత్త దగ్గరికి వచ్చి, తాడు చూపించి, లాగమని సైగ చేశాడు. అత్త ఆయనను చూసింది, నన్ను చూసింది. ఏ ఆపదా లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన మళ్ళీ చెయ్యెత్తి చూపించాడు. అత్త లేచి, రెండు చేతులతో తాడు పట్టుకొని లాగింది.

పట్టాల ఊపు తగ్గింది. టపటపమని కొట్టుకొని నిలిచిపోయాయి. మిల్లు నడిచే వేళ షెడ్డులో అంత నిశ్శబ్దాన్ని మేం ఎరగం. రేకుల కింద పావురాళ్ళు గుర్రుమంటున్నాయి. బయట చెట్టు కొమ్మలకు కట్టిన ఊయలల్లో బిడ్డలు ఏడుస్తున్నారు. ఊయలల పక్కన ఆడుకునే నా కూతురి గొంతూ గుర్తుపట్టాను. ఎవరో బండి ఆయన ఎద్దుల్ని అదిలిస్తున్నాడు. వీటన్నిటినీ మించి, దగ్గులు. ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు, ఎదురు వరసలో నలుగురైదుగురు ఒకేసారి. పక్కనే కూర్చునే మా అత్త అంత గట్టిగా దగ్గుతుందని నాకూ తెలియదు. ఇంట్లో దగ్గేది, కాని ఈ దుమ్ములో దగ్గే దగ్గు వేరే. దాన్ని ఇన్నాళ్ళూ ఆ చప్పుడు మింగేసింది.

రెడ్డి తల అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు. "ఇంతమంది దగ్గుతాండారా" అన్నాడు. తర్వాత అత్తతో, "ఇప్పుడు తెల్సినాదా ఏమైతాదో?" అన్నాడు.

"ఆగుతాది" అంది అత్త.

"ఇంకేమైనా అయినాదా?"

"ఇంకేం గాల్యా."

సాయిబన్న ఇంజను రాజేసేదాకా మేం ఆ నిశ్శబ్దంలో కూర్చున్నాం. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మాటలు వినపడుతుంటే అదో సిగ్గులా అనిపించింది.

ఆ వారంలోనే షెడ్డు గోడలకు పైన కిటికీలు కొట్టించడం మొదలైంది. దుమ్ము మొత్తం పోయిందని చెప్పను. ఊపిరి కొంచెం ఆడింది. పిల్లల ఏడుపు కూడా విన్నాడు కదా, మా వదినను పిలిపించి అడిగాడు. ఆమె ఊరికి పోలేక గుడిసెల దగ్గర నలుగురికీ నీళ్ళు తెచ్చిపెడుతూ బతుకుతోంది.

"నువ్వేం పని సేయగలవమ్మా?"

"పిల్లోళ్ళను సూసుకోలేనా? ఊయల ఊపేదానికి ఒక సెయ్యి సాలదా?" అంది వదిన.

చెట్ల దగ్గర ఒక చిన్న పాక లేచింది. వదిన దానికి యజమానురాలైంది. బిడ్డ ఏడిస్తే ఆమె మనిషిని పంపేది, తల్లి లేచి పోయి పాలిచ్చి వచ్చేది. మేస్త్రీ ఈల నోట్లో పెట్టుకొని చూస్తూ ఉండేవాడు, ఊదేవాడు కాదు.

తాడును ఆ తర్వాత అవసరానికి వాడటం మొదలుపెట్టారు. కొంగు చిక్కబోయినప్పుడు ఒకసారి, కళ్ళు తిరిగి ఒకామె పడిపోయినప్పుడు ఒకసారి. ప్రతిసారీ తగిన కారణమే ఉండేది గనక ఎవరూ ఏమీ అనలేదు. కారణం లేకుండా లాగింది నేనే.

అది పత్తి ముమ్మరంగా వచ్చే కాలం. వాకిలి నిండా బండ్లు. దిండ్లు చూసుకోవడానికి బొంబాయి బేరగాడు వచ్చి కూర్చున్నాడు. ఎక్కడినుంచో నాకు కాలుతున్న వాసన వచ్చింది. దూది ఉన్నచోట ఆ వాసన కంటే భయపెట్టేది లేదు. చుట్టూ చూశాను, పొగ లేదు. పక్కన అత్తను చూస్తే ఆమెకేమీ తెలిసినట్టు లేదు. మళ్ళీ పీల్చాను. ఉందా, లేదా? ఆలోచిస్తుండగానే చెయ్యి పైకి వెళ్ళింది. తాడు లాగేశాను.

ఇంజను ఆగింది. మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు, సాయిబన్న వచ్చాడు, వెనకే రెడ్డి, ఆయన వెనక ఆ బొంబాయి ఆయన.

"ఎవురు లాగింది?" అన్నాడు రెడ్డి.

"నేనే."

"ఏం కనపడె?"

"కనపడల్యా. కాలిన వాసన వచ్చినట్ల అనిపించె."

వెతికారు. ప్రతి జిన్ను కిందా చేతులు పెట్టి వేడి చూశారు. పట్టాలు చూశారు. దూది కుప్పలు తిరగేశారు. మగవాళ్ళంతా నీళ్ళ కడవలతో నిలబడ్డారు. ఎక్కడా నిప్పు లేదు, కమురు లేదు. ఎవరికీ ఆ వాసన రాలేదు. అప్పటికి నాకూ రావడం లేదు. నా మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

బొంబాయి ఆయన తన భాషలో ఏదో గట్టిగా అన్నాడు. ఆడవాళ్ళ ముక్కు కోసం మిల్లు ఆపుతారా అన్నాడని సాయిబన్న తర్వాత చెప్పాడు. రెడ్డికి ఆ భాష ఎంత వచ్చో తెలియదు, విషయం మటుకు అర్థమయ్యే ఉంటుంది.

"కూచో అప్పా. మజ్జిగ తెప్పిస్తా, తాగు. మా వాండ్లకేందో అనుమానమొచ్చినాది, సూస్కోనీ" అని ఆయన్ను చెట్టు కిందికి తీసుకుపోయాడు.

వెతుకుడు పూర్తయ్యాక ఇంజను మళ్ళీ నడిచింది. ఎవరూ నన్నేమీ అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. రాత్రి సంగటి తింటూ మా ఆయన, నిజంగా వాసన వచ్చిందా అని ఒక్కసారి అడిగాడు. తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. ఆ షెడ్డు ఆ రోజు కాలలేదు, మర్నాడూ కాలలేదు. నేను పసిగట్టింది నిజమని చూపించే ఆనవాలు ఏదీ ఎన్నడూ బయటపడలేదు.

మర్నాడు బువ్వ వేళకు రెడ్డి వచ్చాడు. ఆయన రుమాలు సర్దుకుంటూ అడిగాడు.

"పాపా, మల్లా అట్ల వాసనొస్తే లాగుతావా?"

లాగనంటే ఆయనకు నచ్చుతుందేమో అనిపించింది. లాగుతానంటే పని పోతుందేమో అనీ అనిపించింది. కాని ఆయన అడిగే తీరులో ఏ ఎర కూడా లేదు. వానొస్తుందా అని ఆకాశాన్ని చూసి అడిగినట్టే అడుగుతున్నాడు.

"లాగుతా" అన్నాను.

"అంతే. అది తెల్సుకుందామనే వచ్చినా" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి షెడ్డులో ఏదో మారింది. ఒక మనిషి పొరపాటుగా ఆపినా ఏమీ కాలేదని అందరూ చూశారు. అవసరానికి ఆపినప్పుడు కలగని ధైర్యం ఈ పొరపాటుతో కలిగింది. బువ్వ దగ్గర రెడ్డి నిలబడితే, ఆయన అడిగేలోపే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. పీట ఎత్తు చాలదని ఒకరు, కుందూ ఏటి అవతలినుంచి వచ్చేవాళ్ళు పొద్దున తొలి ఈల వేళకు చేరలేకపోతున్నారని ఒకరు. అన్నిటికీ ఆయన ఒప్పుకోలేదు. కొన్నిటికి "అది గాని పని" అనేవాడు. ఎందుకు కాదో మటుకు చెప్పేవాడు. మేస్త్రీ ఆ ఏడాది చివర ఇంకో మిల్లుకు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మా మీద కసి ఏమీ చూపలేదు. "నాకు ఇట్ల సేతగాదు" అని మాత్రం సాయిబన్నతో అన్నాడట.

రెడ్డిని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. షెడ్డు ముందు రెండు నీళ్ళ కడవలు ఉండేవి. ఒకటి మాకు, మాలమాదిగ పేటలనుంచి వచ్చినవాళ్ళకు, గుడికి పోయే కిరస్తానులమైనా సరే. రెండోది మిగిలినవాళ్ళకు. అన్నీ అడిగే మనిషి ఆ కడవల ముందునుంచి రోజూ నడిచి పోయేవాడు, వాటి సంగతి ఎన్నడూ అడగలేదు. అదే నాకు అన్నిటికంటే వింతగా ఉండేది. ఒకరోజు నేనే అడిగాను.

"రెడ్డీ, జిన్ను ముందర అందరం ఒకే వరసలో కూచుంటిమి. నీళ్ళ కాడ ఏంటికి రెండు కడవలు?"

"అది నేను పెట్టింది గాదు పాపా" అన్నాడు ఆయన.

"ఇంజను గదికి గోడ కూడా నువ్వు పెట్టింది గాదు. కన్నం కొట్టించినావు గదా."

జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాడు. చాలా రోజులు మా చెట్టు దగ్గరికి రాలేదు. ఎండాకాలంలో మిల్లు మూసినప్పుడు వాకిట్లో బోరింగు వేయించాడు. మేం తిరిగొచ్చేటప్పటికి రెండు కడవలూ లేవు. బోరింగు పిడి కొట్టుకొని దోసిలి పట్టి తాగడమే. పై కులాల ఆడవాళ్ళు కొందరు కొన్నాళ్ళు ఇంటినుంచి చెంబులు తెచ్చుకున్నారు. తర్వాత ఎండకు మానుకున్నారు. ఆ బోరింగు నా ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబో, జవాబు చెప్పకుండా తప్పించుకున్న దారో నాకు తేలలేదు. నీళ్ళు మటుకు చల్లగా ఉండేవి.

యుద్ధం రోజుల్లో ఒక ఏడు పత్తి సరిగా పండలేదు. బండ్లు పలచబడ్డాయి. సగం జిన్నులకే పని. రెడ్డి అందరినీ బోరింగు దగ్గర కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"పత్తి ఇంతే. మీరేమంటారు?"

ఊరివాళ్ళు కొందరు, కోసిగి నుంచి వచ్చినవాళ్ళను పంపెయ్యమన్నారు. మా అత్త లేచింది.

"మా ఊర్లో ఇంకా కరువు. పొమ్మంటే పోతాం. పోయి ఏం తినల్లో గూడా మీరే సెప్పండి."

ఆ రోజు మధ్యాహ్నమంతా అరుచుకున్నాం. ఎవరి మాట వాళ్ళదే. ఆయన నడుమ రాలేదు, లేచి పోనూ లేదు. చివరికి గోరు పోయిన ఆ పిల్ల, ఇప్పుడు తల్లి అయింది, ఒక మాట అంది: ఒక వారం వీళ్ళు, ఒక వారం వాళ్ళు. సణుక్కుంటూనే ఒప్పుకున్నారు. పని లేని వారానికి తన ఇంటి పాతర, నేలలో గింజలు పూడ్చిన గొయ్యి, తీయించి జొన్నలు కొలిచి ఇస్తానన్నాడు రెడ్డి, ఇచ్చాడు. పాతర జొన్నలకు ముక్క వాసన ఉంటుంది. ఆ ఏడంతా మా రొట్టెలు ఆ వాసనే వేశాయి. కొందరు ఇష్టం లేక వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళం మళ్ళీ పత్తి వచ్చేదాకా నిలబడ్డాం.

ఆ తర్వాత మా ఆయనకు ద్రోణాచలంలో రైల్వే గూడ్సు షెడ్డులో పని దొరికింది. వెళ్ళేముందు రెడ్డి ఇంటికి పోయాను. అప్పటికే ఆయన మంచం పట్టి ఉన్నాడు. నన్ను చూసి అరుగు మీద కూర్చోమన్నాడు. కూర్చున్నాను. కోడలు లోపలినుంచి చూసింది, ఏమీ అనలేదు. ఆయన నన్ను అడిగినవన్నీ ద్రోణాచలం గురించే. అక్కడ నీళ్ళెట్లా, ఇల్లెట్లా, పిల్లకు బడి ఉందా. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియదన్నాను. నేనూ ఒకటి అడగాలని పోయాను. ఆ మొదటి రోజు మమ్మల్ని ఎందుకు అడిగావు, ఎవరూ నిన్ను అడగమనలేదు కదా అని.

ఆయనకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "తెలీని పనిలో దిగినా. పని సేసేటోళ్ళను గాక ఎవురిని అడగల్ల?" అన్నాడు. అంతకు మించి ఆయన దగ్గర ఏమీ ఉన్నట్టు లేదు. కాసేపుండి, దండం పెట్టి వచ్చేశాను.

మరుసటి ఏడు ఆయన పోయాడని విన్నాను. స్వరాజ్యం వచ్చిన ఏడాది మా వదిన, చుట్టాల పెళ్ళికి పోతూ ద్రోణాచలంలో దిగి మా ఇంట్లో ఒక పూట ఉంది. మిల్లు ఎలా ఉందని అడిగాను. పెద్దకొడుకు నడుపుతున్నాడంది.

"వాళ్ళ నాయన మాదిరి వచ్చి అడుగుతాడా?"

"ఆయప్ప అడిగే రకం గాదులే. ఆఫీసు గదిలోనే ఉంటాడు."

"మరి?"

వదిన ఒంటి చేత్తో రొట్టె తుంచుకొని ఊరిబిండి పచ్చడిలో అద్దుకుంది.

"ఆడోళ్ళే పోయి సెప్పొస్తాండారు. గది వాకిలి తీసే ఉంటాది గదా."

"ఏమంటాడు?"

"ఏమంటాడు? ఇంటాడు" అంది.